పాత మియాటా, తక్కువ మైళ్లు: ముందు ఏం మార్చాలి?

ప్రశ్న: 1995 మాజ్డా మియాటా (గుడ్డ టాప్ మడిచే రెండు సీట్ల కారు) కొన్నాను, 31 వేల మైళ్లే తిరిగింది. టైమింగ్ బెల్టు (ఇంజిన్ వాల్వులను పిస్టన్లతో లయ కలిపి నడిపే రబ్బరు పట్టీ) గడువు 60 వేల మైళ్లు కదా, ఆగొచ్చా?

జవాబు: ఆగకండి. రబ్బరు తిరక్కపోయినా ఏళ్లకి ఎండి పగులుతుంది. తెగితే ఈ ఇంజిన్‌లో వాల్వులు పిస్టన్లకు తగలవు గానీ, బండి నడిరోడ్డు మీద ఆగిపోతుంది. విప్పినప్పుడే వాటర్ పంపు, టెన్షనర్ (బెల్టు బిగువుగా ఉంచేది), క్యామ్ సీళ్లు (ఆయిల్ కారకుండా ఆపే రింగులు) కూడా వేయించండి, రెండోసారి కూలి తప్పుతుంది.

జవాబు: అంతకన్నా ముందు టైర్లండీ! టైరు పక్కన అచ్చేసిన డాట్ కోడ్ చివర 2309 ఉంటే 2009లో 23వ వారం తయారైందని. గాడి నిండుగా ఉన్నా తీసేయాల్సిందే. బ్రేక్ ఫ్లూయిడ్ కూడా, తేమ పీల్చేసి ఉంటుంది.

జవాబు: సీట్ల వెనక, టాప్ కింద రెండు పక్కలా నీళ్లు పోయే గొట్టాలు చూశారా? ఆకులు అడ్డుపడితే సిల్స్ (తలుపుల కింది అంచులు) లోపలి నుంచి తుప్పు. గొట్టంలో ఒక కప్పుడు నీళ్లు పోయండి, వెనక చక్రం ముందు కారాలి. కారకపోతే మెత్తటి ప్లాస్టిక్ తీగతో పొడవండి, ఇనప చువ్వ వద్దు.