సమస్య: అడ్డమైనవారె యాప్తులైరి

నిర్వాహకుడు (తిరుపతి): ఈసారి ఆటవెలది పద్యానికి నాలుగో పాదం ఇస్తున్నాను; పై మూడు పాదాలు మీరు అల్లి అర్థం కుదర్చాలి, అదే పూరణ. పరిచయాల మీద అల్లిన ఒక గళ్ళనుడికట్టు (క్రాస్‌వర్డ్) నింపుతుంటే తట్టింది. అడ్డం ఆధారం: 'చూస్తే తల ఊపేంతటి ఎరుక (6)'. జవాబు ముఖపరిచయం. దాని మూడో గడి నుంచి దిగే నిలువు: 'ఎదురుపడగానే నోటి మర్యాద (5)'. పలకరింపు. రెండూ 'ప' దగ్గర కలుస్తాయి. ఐదో గడి మీదుగా కరచాలనం దింపుదామంటే కుదరదు. 'చ' ఉన్న గడిలో 'చా' పట్టదు. 1913 డిసెంబరు 21న న్యూయార్క్ వరల్డ్ పత్రికలో ఆర్థర్ విన్ తొలి పజిల్ అచ్చువేసినప్పుడు ఈ చిక్కు లేదు. మనకు గుణింతం, ఒత్తు సహా కలవాలి.

లోకంలో అడ్డమైనవారంటే దారికి అడ్డొచ్చేవారు. వారు ఆప్తులెలా అయ్యారు? ముడి అక్కడుంది.

శ్రీకాళహస్తి సభ్యుడు:

నిలువుగడిని నేను నిలిచియుంటిని మున్ను;
ఒక్క యక్షరమున నొరులు కలియ
పరుల మాట నాదు పదమును పూరించె;
అడ్డమైనవారె యాప్తులైరి.

నిర్వాహకుడు: అయ్యా, చాలా గొప్ప ఊహ! మనిషినే నిలువు మాటగా నిలబెట్టారు. ఎదుటివాడు అడ్డం మాట. కలిసేది ఒక్క గడిలోనే అయినా, ఆ ఒక్క అక్షరంతో రెండో మాట తెలిసిపోతుంది. కొత్తవారితో పరిచయం కూడా ఇలాగే మొదలవుతుంది: ఊరో, చదివిన బడో, ఒక్కటి కలిస్తే చాలు. తిట్టుగా వినబడే పాదాన్ని ఆదరంగా మార్చారు.

రెండు సవరణలు. 'ఒరులు', 'పరులు' ఒకే అర్థం, పునరుక్తి. 'నాదు పదము' సాధువే, కానీ 'నాకు' అంటే మాట ఇంకా సూటిగా ఉంటుంది. రెండో పాదం 'ఒక్క యక్షరమున నొదిగి కలిసి', మూడోది 'పరుల మాట నాకు పదమును పూరించె' అంటే గణాలూ (లయ లెక్క) యతీ (పాదం మొదటి అక్షరానికి నడుమ అక్షరంతో పొత్తు) చెడవు, అన్వయం ఇంకా సాఫీ అవుతుంది.

శ్రీకాళహస్తి సభ్యుడు: సవరణకు ధన్యవాదాలు గురువుగారూ. అలాగే మార్చుకున్నాను.

బైరాగిపట్టెడ సభ్యురాలు: గళ్ళు వదిలి కొండమీది క్యూ కాంప్లెక్సుకు వెళ్ళాను.

వరుసలోన నిలువ వడిగ ముందుకు దూరి
కసరుకొన్నవారు కథలు చెప్పి
లడ్డు పంచిపెట్టి లాలన జూపిరి;
అడ్డమైనవారె యాప్తులైరి.

నిర్వాహకుడు: అమ్మా, ధార బాగుంది. 'వరుస' అన్న మాట చుట్టరికాన్నీ గుర్తుచేసింది.

తిరుచానూరు సభ్యుడు: అక్కా, ఒక సందేహం. లడ్డు చేతికొచ్చేది దర్శనం అయ్యాక కదా? వరుసలో ఉండగానే పంచినట్టుంది. 'పండు పంచిపెట్టి ప్రాణమై మెలగిరి' అంటే యతి కూడా కుదురుతుంది.

బైరాగిపట్టెడ సభ్యురాలు: నిజమే తమ్ముడూ. పండే ఉంచుతాను.

పలమనేరు సభ్యుడు: పద్యం రాయడం నాకు కొత్త, దయచేసి దిద్దండి.

పేరు నూరు నడిగి ప్రీతిగా మాటాడి
ఎన్ని గడులొ చూసి కలిపిరపుడు
పలకరింపె కాదె పరిచయమున కాది
అడ్డమైనవారె యాప్తులైరి.

నిర్వాహకుడు: మొదటి పాదం నిర్దుష్టం, చక్కని పలుకుబడి. రెండో పాదంలో 'ఎ'కు 'క'తో యతి చెల్లదు. 'చూసి' బదులు 'చూచి' అనండి. అసలు లోపం వేరు. మూడో పాదం సూక్తిలా విడిగా నిలిచింది, అడ్డమైనవారెవరో చెప్పలేదు. ముడి విడకపోతే ఎంత మంచి పద్యమైనా పూరణ కాదు. ఎవరు, దేనికి అడ్డమయ్యారో ఆలోచించి మళ్ళీ రాయండి.

పలమనేరు సభ్యుడు: చిత్తూరు నుంచి బస్సులో పేపరు తెరిచి పజిల్ నింపుతున్నట్టు ఊహించుకున్నాను.

పేరు నూరు నడిగి ప్రీతిగా మాటాడి
యెన్ని గడులొ చూచి యెంచి చూపి
వెలుగు నాపి నిలిచి వెదకి చెప్పిరి మాట;
అడ్డమైనవారె యాప్తులైరి.

నిర్వాహకుడు: భేష్! ముడి విడింది. పేపరు మీదికి వంగి వెలుగు ఆపినవారే మాట అందించారు. బస్సు పేరెత్తకపోయినా 'వెలుగు నాపి నిలిచి' అన్నచోట ఆ ఇరుకు కనిపిస్తోంది.