పార్కు గోడ మీద బొమ్మలు వేయమంటున్నారు: ఏం చేస్తే బాగుంటుంది?

ప్రశ్న (విజయనగరం):
మా వీధి చివరి పార్కుకు మోకాలెత్తు ప్రహరీ ఉంది. మధ్యాహ్నం పూట కూలీలు, పల్లెల నుంచి కూరగాయలు తెచ్చి అమ్ముకునే ఆడవాళ్లు దాని మీద కూర్చుని అన్నం తినేవారు. ఈ మధ్య ఆ గోడ పొడవునా మొనదేలిన ఇనుప ఊచలు పాతించి, పగలు గేటుకు తాళం వేస్తున్నారు. ఇప్పుడు అదే గోడకు బొమ్మలు వేయమని మా చిత్రకారుల బృందాన్ని అడిగారు. అందరిదీ అనుకునే చోటు కొందరికే ఎలా మిగిలిపోతుందో చూపించాలని మా కోరిక. అనుభవమున్నవారు సలహా ఇవ్వగలరా?

జవాబు 1:
న్యూయార్క్‌లో ప్రభుత్వ కార్యాలయాల ముందున్న ఫెడరల్ ప్లాజా అనే ఆవరణలో 1981లో శిల్పి రిచర్డ్ సెర్రా 120 అడుగుల పొడవు, 12 అడుగుల ఎత్తున్న వంపు తిరిగిన ఉక్కు గోడను నిలబెట్టారు. నడిచేవారికి ఆ చోటు గురించి ఎరుక కలిగించాలన్నది ఆయన ఉద్దేశం కాగా, రోజూ దాన్ని చుట్టి వెళ్లవలసి వచ్చిన ఉద్యోగులు చాలామంది అడ్డంకిగానే చూశారు. 1985 బహిరంగ విచారణలో మాట్లాడిన 180 మందిలో 122 మంది ఉంచాలనే కోరినా, 1989లో తీసేశారు. అది అన్యాయమనే నా అభిప్రాయం. అయినా అక్కడ రోజూ తిరిగేవారిని ముందుగా అడగకపోతే ఎంత గొప్ప పనైనా వారికి అడ్డుగోడే అవుతుంది.

జవాబు 2:
2019లో అమెరికా, మెక్సికో సరిహద్దు కంచె ఊచల సందుల్లోంచి వాస్తుశిల్పులు రోనాల్డ్ రాయెల్, వర్జీనియా శాన్ ఫ్రాటెల్లో మూడు గులాబీ రంగు తూగుడుబల్లలు దూర్చారు. ఉన్నది కాసేపే అయినా ఇటు పిల్లలు, అటు పిల్లలు కలిసి ఊగారు.

జవాబు 3 (శ్రీకాకుళం):
అయ్యా, ఒక్క మాట. ఇలాంటి గోడలు అప్పగించినప్పుడు మన కొండల్లోని సవర గిరిజనుల బొమ్మలు వేయమనడం మామూలైపోయింది. సవరల ఇళ్లలో ఆ బొమ్మలు అలంకారం కోసం పుట్టలేదు. ఎర్రమట్టి అలికిన గోడ మీద బియ్యప్పిండితో దేవతల కోసం, పితరుల కోసం వేసేవి. కొండచీపుళ్లు, చింతపండు తెచ్చి అమ్ముకునే సవర ఆడమనిషికి కూర్చునే చోటు లేకుండా చేసి, ఆమె ఇంటి బొమ్మను ఆ గోడకే ఎక్కించడం నాకు బాధగా ఉంటుంది. వేయించదలిస్తే వారి చేతే, కూలి ఇచ్చి, వారికి సమ్మతమైనదే వేయించండి. నన్నడిగితే బొమ్మ కన్నా గోడకు బయటి వైపు అరుగు కట్టడమే మంచి పని. మన ఊళ్లలో వీధి అరుగులు బాటసారులకు నీడనిచ్చిన మాట నిజమే గాని, వాటి మీద అన్ని కులాల వారినీ కూర్చోనివ్వలేదు. మీ అరుగు మీద ఎవరైనా కూర్చోవచ్చునని అక్షరాల్లో రాయించండి. చదవడం రానివారికి తెలిసేలా గొడుగు, గంప, సద్ది గిన్నె బొమ్మలు చెక్కించండి.

ప్రశ్న అడిగినవారు:
ధన్యవాదాలండీ. బొమ్మల గురించి ఒప్పుకునే ముందు అక్కడ కూర్చునే ఆడవాళ్లతో మాట్లాడతాం. ఊచలు తీసి అరుగుకు అనుమతి ఇస్తేనే గోడకు రంగు వేస్తామని రాసి ఇవ్వాలనుకుంటున్నాం. ఆ అర్జీ ఎలా రాయాలో తెలిసినవారు చెప్పండి.