మానసిక వైద్యం అవసరమైన మాజీ సైనికులకు ఊరి బయట ఆశ్రమమా, ఊళ్లో ఇల్లా?

హనుమకొండ ఫౌజీ:
మన సంఘాల వాట్సాప్ గ్రూపుల్లో ఒక వినతిపత్రం తిరుగుతోంది. మానసిక జబ్బుతో బాధపడుతున్న మాజీ సైనికుల కోసం వరంగల్ శివార్లలో ఐదెకరాల్లో ఒక ఆశ్రమం కట్టించాలని రాష్ట్ర ప్రభుత్వాన్ని అడుగుతున్నారు. అడిగేవాళ్ల మనసు మంచిదే. అయినా నేను దాని మీద సంతకం పెట్టలేదు. ఎందుకో చెప్తాను.

ఈసీహెచ్ఎస్ (మాజీ సైనికుల వైద్య పథకం) కార్డు ఉన్నవాడికి పాలీక్లినిక్‌లో రెఫరల్ రాయించుకుంటే ఆసుపత్రిలో వైద్యం దొరుకుతుంది. డిశ్చార్జ్ అయ్యాక ఎక్కడ ఉండాలన్నది ఆ కార్డుకు సంబంధం లేని విషయం. ఇంట్లోవాళ్లు చేతులెత్తేస్తారు, ఓనర్ జబ్బు సంగతి తెలియగానే ఖాళీ చేయమంటాడు, మందులు ఆగిపోతాయి, మళ్లీ ఎర్రగడ్డ మానసిక ఆసుపత్రి. పింఛను లేకుండా మధ్యలోనే బయటికొచ్చిన వాళ్లలో చాలామందికి ఆ కార్డు కూడా లేదు. కేంద్రీయ సైనిక బోర్డు ద్వారా వచ్చే పేదరిక సాయాన్ని 2025 నవంబర్ నుంచి నెలకు 8,000 రూపాయలు చేశారు, సంతోషం. కానీ అది పింఛను లేని, 65 ఏళ్లు దాటినవాళ్లకు, అదీ హవల్దార్ ర్యాంకు వరకే. నలభై ఐదేళ్లకే కుప్పకూలినవాడు అంతవరకు ఎక్కడ ఉండాలి? ఇందిరమ్మ ఇల్లు అడుగుదామంటే సొంత జాగా చూపించమంటారు, మంజూరు ఇంటి ఆడవాళ్ల పేరు మీద. ఒంటరి మగమనిషికి అక్కడా కష్టమే.

నేను అడిగేది ఇది. వరంగల్ ఎంజీఎం ఆసుపత్రికి ఆటోలో వెళ్లివచ్చే దూరంలో, మామూలు కాలనీల్లో, మామూలు అద్దె ఇళ్లు. ఇంటికి నలుగురైదుగురు, తోడుగా శిక్షణ ఉన్న ఒక మనిషి. అద్దె, ఆ మనిషి జీతం రాష్ట్రం భరించాలి. చెన్నైలో ద బాన్యన్ సంస్థ 2015 నుంచి హోమ్ అగైన్ పేరుతో ఇదే పని చేస్తోంది. ఏళ్లకేళ్లు ఆసుపత్రుల్లో మగ్గినవాళ్లు ఇప్పుడు ఊళ్లో నలుగురి మధ్య కాపురం ఉంటున్నారు.

హుజూరాబాద్ హవల్దార్:
తమ్ముడూ, నేను ఆశ్రమం వైపే. సర్వీసులో ఉండగానే మనవాళ్లు నోరు విప్పరు. మెడికల్ కేటగిరీలో షేప్ అంటే అందులో ఎస్ మానసిక స్థితికే కదా. ఆ గ్రేడు తగ్గితే ప్రమోషన్ పోతుందని భయం. నెలల తరబడి నిద్ర లేకపోయినా డాక్టర్ అడిగితే "ఠీక్ హూఁ సాబ్" అనే చెప్పేవాళ్లం. అట్లాంటివాడు రిటైరయ్యాక కాలనీలో ఎవరితో చెప్పుకుంటాడు? నలుగురు ఫౌజీలు ఒక్కచోట ఉండి, పొద్దున్నే పీటీ చేసి, చాయ్ తాగుతూ కూర్చుంటే అప్పుడు మాట బయటికొస్తుంది. వెన్నెముక దెబ్బతిన్న జవాన్ల కోసం పుణె దగ్గర ఖడ్కీలో పారాప్లెజిక్ పునరావాస కేంద్రం ఉంది. చేతులు ఆడనివాళ్లు నోటితో కుంచె పట్టి బొమ్మలు గీస్తున్నారక్కడ. మనసుకు దెబ్బ తగిలినవాడికి ఆ మర్యాద ఎందుకు వద్దంటున్నావు?

జగిత్యాల నుంచి:
ఫౌజీలంటే నాకు గౌరవమే, కోపం చేయకుండా వినండి. మా అన్న కువైట్‌లో చాలా ఏళ్లు పనిచేసి వచ్చాడు. వచ్చినప్పటి నుంచి ఎవరో వెంటపడుతున్నారని తలుపేసుకుని కూర్చుంటాడు. సిరిసిల్లలో సాంచాల (మరమగ్గాల) మీద పనిచేసేవాళ్లు, గోదావరిఖనిలో బొగ్గు బాయి పనిచేసి దిగిపోయినవాళ్లు, పత్తి పెట్టుబడుల్లో మునిగిన రైతులు, వీళ్లలో కూడా మనసు చెదిరినవాళ్లున్నారు. వీళ్లకూ ఇదే అద్దె ఇంటి గోస. మీకు కనీసం సైనిక సంక్షేమ కార్యాలయం ఉంది, సంఘం ఉంది. మా అన్నకు ఎవరున్నారు? రాష్ట్ర ఖజానా డబ్బు పెట్టేటట్టయితే అందరికీ పెట్టాలి.

నర్సక్క:
నేను సైకియాట్రీ వార్డులో స్టాఫ్ నర్సును. 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం 2018 మే 29 నుంచి అమల్లో ఉంది. హాఫ్‌వే హోమ్‌లు (ఆసుపత్రి నుంచి వచ్చాక ఇంటికి మారేలోపు కొన్నాళ్లు ఉండే చోట్లు), తోడు మనిషి ఉండే నివాసాలు ప్రభుత్వం ఏర్పాటు చేయాల్సిన సేవల్లో భాగమని 18వ సెక్షన్ చెప్తోంది. ఇంటివాళ్లు రానివ్వడం లేదనో, ఇల్లే లేదనో మనిషిని ఆసుపత్రిలోనే ఉంచేయకూడదని 19వ సెక్షన్. అందులో ఫౌజీ, కూలీ తేడా లేదు. జగిత్యాల తమ్ముడు అడిగింది న్యాయం.

ఇక వార్డు సంగతి. డాక్టర్ డిశ్చార్జ్ రాసేస్తారు. పేషెంట్ బట్టలు సంచిలో సర్దుకుని, గడ్డం గీయించుకుని తయారవుతాడు. ఇంటికి ఫోన్ చేస్తే రింగవుతుంది, ఎత్తరు. సాయంత్రానికి సంచి మళ్లీ మంచం కిందికి పోతుంది. హవల్దార్ సాబ్, ఊరి బయట ఆశ్రమం కడితే ఆ ఫోన్ ఇక ఎవరూ ఎత్తరు. అక్కడున్నాడు కదా అనుకుంటారు. ఖడ్కీలో ఉన్నవాళ్లకు ఇరవై నాలుగు గంటలూ శరీర సేవ కావాలి, అది వేరు. మా పేషెంట్లలో చాలామంది మందులు సరిగ్గా పడితే పనికి పోగలరు. పని దొరికేది ఊళ్లోనే.

ఈ మాటలు చదువుతూ ఎవరికైనా మనసు బాగాలేకపోతే 14416కు ఫోన్ చేయండి. టెలీ మానస్, ఉచితం, తెలుగులో మాట్లాడతారు.

ఫౌజీ ఇల్లాలు:
ఎప్పుడూ చదవడమే కానీ రాయను. మా ఆయన పింఛనుతో వచ్చారు, కార్డు ఉంది, మందులు దొరుకుతున్నాయి. మాకు కష్టం నవంబర్‌లో. లైఫ్ సర్టిఫికెట్ కోసం మెషీన్ మీద వేలు పెట్టమంటే పెట్టరు. తన వేలిముద్ర తీసుకుని ఏదో కేసులో ఇరికిస్తారని ఆయన భయం. బతిమాలి తీసుకెళ్తే లైన్లో నిలబడి సగంలో వచ్చేస్తారు. ఒకసారి పింఛను ఆగింది, అద్దె కట్టలేకపోయాం, ఓనర్ సామాను బయట పెట్టించాడు. అప్పుడు మా ఇంటికి వచ్చి, ఆయన పక్కన కూర్చుని, నచ్చజెప్పే మనిషి ఒక్కరుంటే చాలు అనిపించింది. ఆశ్రమమో ఇల్లో మీరే తేల్చండి. ఆయన్ను ఒక్కరినే పంపమంటే మాత్రం నేను పంపను.

కాజీపేట రైల్వే:
మా అమ్మాయి అమెరికాలో ఉంటుంది, ఆమె చెప్తే చదివాను. అక్కడ హడ్-వాష్ అని ఒక పథకం. మాజీ సైనికుడికి అద్దె సాయం ఇస్తారు, దాంతోపాటే కేస్ మేనేజర్‌ను ఇస్తారు. ఇల్లు లేని మాజీ సైనికులు 2010లో 74 వేల పైచిలుకు, 2024లో 33 వేల లోపు. అంతా ఆ ఒక్క పథకం పుణ్యమే అనను. కానీ వాళ్లు జనవరిలో రాత్రిపూట వీధుల్లో తిరిగి లెక్కపెడతారు. మన వినతిపత్రంలో ముందు ఆ లెక్క అడగండి. సంఖ్య లేకుండా వెళ్తే ఏ ఆఫీసరైనా "చూద్దాం" అని పంపేస్తాడు.

హనుమకొండ ఫౌజీ:
అన్నా, లెక్క మాట బాగా చెప్పారు. అగ్నివీరుల సంగతి కూడా చేర్చాలి. 2022 చివరి నుంచి చేరిన మొదటి బ్యాచ్‌ల పిల్లలకు నాలుగేళ్లకే సర్వీసు అయిపోతుంది. నూటికి 25 మందికి మించి ఉంచుకోరన్నది నియమం. మిగిలినవాళ్లకు పింఛను లేదు, ఈసీహెచ్ఎస్ లేదు. ఇరవై నాలుగేళ్ల పిల్లాడికి మనసు చెదిరితే రాష్ట్రం తప్ప దిక్కెవరు?

జగిత్యాల తమ్ముడూ, ఇళ్లు అందరికీ అనే రాద్దాం. ఫౌజీలకు విడిగా అడిగేది ఒక్కటే: సైనిక సంక్షేమ కార్యాలయం నుంచి ఒక మాజీ సైనికుడికి శిక్షణ ఇచ్చి ఇళ్లకు పంపాలి. హవల్దార్ సాబ్ అన్నట్టు ఫౌజీ ఫౌజీతోనే మాట్లాడతాడు. అందుకు నలుగురినీ ఒకే గోడ లోపల పెట్టనక్కర్లేదు. అమ్మా, మీరు అడిగింది మొదటి అంశంగా రాస్తున్నాను: భార్యాభర్తలకు కలిపి ఇల్లు, నవంబర్‌లో సర్టిఫికెట్‌కు ఇంటికే మనిషి.

హుజూరాబాద్ హవల్దార్:
అమ్మ అడిగినదానికి నా సంతకం ఉంటుంది. ఆశ్రమం మాట మాత్రం నేను వదలను. భార్య లేనివాడు, అన్నదమ్ములు పొలం రాయించుకుని వెళ్లగొట్టినవాడు నాకు తెలుసు. వాడు కాలనీలో ఒక్కరోజు కూడా ఇమడలేడు. వాడి కోసం ఎంజీఎం దగ్గరలోనే పది మంచాల చిన్న హాఫ్‌వే హోమ్ ఒకటి అడుగుతామని ఒప్పుకుంటే, ఊరి బయట ఐదెకరాల మాట నేనే కొట్టేయిస్తా.

నర్సక్క:
ఎన్నాళ్లు ఉండొచ్చో గడువు రాయండి, తర్వాత ఇంటికి మారాలని కూడా రాయండి. అట్లయితే నాకూ సమ్మతమే.