మామిడి పండ్ల రోజు: 30 పెట్టెలు ఎవరెవరి ఇళ్లలో పెడదాం?

అందరికీ నమస్తే. శనివారం కార్యక్రమానికి పండ్ల బాధ్యత నాది కాబట్టి ఒక్క మాట ముందే చెప్పేస్తున్నాను. స్టేజీ, మైకు, బ్యానర్లు అన్నీ తర్వాత చూసుకోవచ్చు, ముందు పండ్లు సరిగ్గా మాగాలి. నిరుడు పెట్టెలు శుక్రవారం రాత్రి దిగితే శనివారం పొద్దున్నే కోసేశాం. పైకి పసుపుపచ్చగా పండినట్టే ఉన్నాయి, లోపల టెంక చుట్టూ తెల్లగా, గట్టిగా, ఒకటే పులుపు. ఒక పెద్దావిడ ఎన్నేళ్లయిందో తిని అంటూ ఆశగా ముక్క నోట్లో పెట్టుకుని, ఏమీ అనకుండా ప్లేటు పక్కన పెట్టేశారు. ఆ ప్లేటు నాకింకా కళ్లముందే ఉంది.

అందుకని ఈసారి పెట్టెలు సోమవారమే తెప్పిద్దాం. 200 మంది వస్తారనుకుందాం, మనిషికి కనీసం ఒక పండు పూర్తిగా అందాలి, ఒక్కో చిన్న కప్పులో నాలుగు ముక్కలు వేసి పంపడం నాకిష్టం లేదు. పెట్టెకు 9 పండ్లు చొప్పున 30 పెట్టెలంటే 270. పాడైనవి తీసేసినా, రెండోసారి అడిగినవాళ్లకు ఇచ్చినా సరిపోతాయి. 20 పెట్టెలు బంగినపల్లి, 10 చిన్నరసాలు. రసాలు దొరక్కపోతే ఆ పదీ కేసర్ తీసుకుందాం.

హాలు చూస్తున్న అన్న: అన్ని పెట్టెలు అయిదు రోజులు ఎక్కడ పెడతామమ్మా? హాలు వెనక పెద్ద ఫ్రిజ్ ఉంది, అడిగితే ఇస్తారు.

నేను: ఫ్రిజ్ మాత్రం వద్దన్నా. గట్టి కాయని 12, 13 డిగ్రీల కంటే చల్లటి చోట రోజుల తరబడి పెడితే తోలు నల్లబడుతుంది, తర్వాత బయట పెట్టినా సరిగ్గా మాగదు, తీపి రాదు. ఇంట్లో మామూలు గదిలో, ఎండ తగలని చోట, నేలమీద పేపర్లు పరిచి పండ్లు ఒకదానిమీద ఒకటి పడకుండా పేర్చండి. అందుకే తలా రెండు పెట్టెలు ఇళ్లలో పెట్టుకోమని అడుగుతున్నాను. గురువారానికి కూడా గట్టిగానే ఉంటే మళ్లీ పెట్టెలో సర్ది, మధ్యలో ఒక మాగిన అరటిపండు పెట్టి మూసేయండి, దాన్నుంచి వచ్చే ఇథిలీన్ వాయువు‌తో ఇవీ తొందరగా మాగుతాయి. ముందే మాగిపోయినవి ఉంటే అవి ఫ్రిజ్‌లో పెట్టొచ్చు, కానీ వడ్డించే రెండు గంటల ముందు బయటికి తీయాలి, మరీ చల్లగా ఉంటే వాసనా తెలియదు, రుచీ తెలియదు.

కొత్త వాలంటీర్: మాగిందో లేదో ఎలా తెలుస్తుందక్కా? నొక్కి చూడాలా?

నేను: ఇంట్లో నలుగురూ నాలుగుసార్లు నొక్కితే ఆ చోటల్లా లోపల గోధుమరంగు తిరుగుతుంది తమ్ముడూ. ముచిక దగ్గర ముక్కు పెట్టి చూడు. పచ్చివాసన వస్తే ఇంకా టైముంది, తియ్యటి వాసన గుప్పుమంటే అయినట్టే. రంగు చూసి మోసపోకు, కొన్ని రకాలు మాగినా ఆకుపచ్చగానే ఉంటాయి.

పిల్లల ఆటలు చూసే అక్క: పోయినసారి ఒక పాపకి పెదాల చుట్టూ దద్దుర్లు వచ్చాయి. ఈసారి ఏం చేద్దాం?

నేను: మంచిపని చేశారక్కా గుర్తుచేసి. ముచిక దగ్గర కారే సొన, తోలు కొందరికి పడవు. మామిడీ జీడిమామిడీ ఒకే కుటుంబం, కాబట్టి జీడిపప్పు పడని పిల్లలుంటే పండు పెట్టేముందు అమ్మానాన్నల్ని అడగాల్సిందే. పండ్లన్నీ పొద్దున్నే బాగా కడిగి అరగంట నీళ్లలో వేద్దాం, తోలుమీద ఎండిన సొన చారలు చేత్తో రుద్దితే పోతాయి. చిన్నపిల్లలకు తోలు తీసిన ముక్కలే ఇద్దాం.

కోతకు ఆరుగురు కావాలి. టెంక బల్లపరుపుగా ఉంటుంది కదా, పండుని నిలబెట్టి టెంకకు అటూ ఇటూ రెండు చెక్కలు తీసేస్తే చాలు. టెంకలు మాత్రం పారేయకండి, చీకేవాళ్ల కోసం ఒక పళ్లెంలో విడిగా పెడదాం.

రసాలు అసలు కోయొద్దు. రెండు అరచేతుల మధ్య మెల్లగా పిసికి, ముచిక తీసి, మొదటి రెండు చుక్కలు బయటికి వదిలేసి నోటికి ఆనించడమే. ఈ దేశంలోనే పుట్టిన మన పిల్లల్లో చాలామందికి ఇలా తినొచ్చని తెలియదు. పక్కన కూర్చుని చూపించడానికి ఓపికున్న పెద్దవాళ్లు ఇద్దరు ముగ్గురుంటే ఎంత బాగుంటుందో. మోచేతుల దాకా రసం కారుతుంది, కాబట్టి టిష్యూలతో పనికాదు, బకెట్లతో నీళ్లు, తువ్వాళ్లు తప్పకుండా కావాలి.

బ్యానర్లు రాసే వదిన: రకాల పేర్లు నేను రాస్తాను. బంగినపల్లికి 2017లో భౌగోళిక గుర్తింపు (ఆ ప్రాంతపు ప్రత్యేక పంటని చెప్పే జీఐ ట్యాగ్) వచ్చిందని కూడా రాయనా?

నేను: రాయండి వదినా, పెద్ద అక్షరాలతో.

ఇప్పటికి 22 పెట్టెలకు ఇళ్లు దొరికాయి. ఇంకో నలుగురు తలా రెండు తీసుకుంటే సరిపోతుంది. ఈ రాత్రికల్లా ఇక్కడే చెప్పండి, సోమవారం సాయంత్రం నేనే కార్లో తెచ్చి మీ గుమ్మంలో దింపుతాను.