శిక్షణ సిమ్యులేషన్ల కోసం సూపర్ కంప్యూటర్ నోడ్‌లు పక్కన పెట్టాలా?

క్యూలో_నేను:
అగ్నిమాపక శిక్షణకు మా క్లస్టర్‌లో (కలిసి పనిచేసే కంప్యూటర్ల గుంపు) వారానికి రెండు పూటలు 200 నోడ్‌లు, అంటే అందులోని 200 కంప్యూటర్లు, రిజర్వ్ చేయమంటున్నారు. నేను ఒప్పుకోను. మొన్న నా జాబ్ (నేను నడపమని ఇచ్చిన లెక్క) 31 గంటలు క్యూలో ఉంది. అక్కడ ట్రైనర్ మధ్యలో ఆపి పావుగంట పాఠం చెబుతారు, అంతసేపూ 200 నోడ్‌లు గోళ్లు గిల్లుకుంటూ కూర్చోవాలా? మంచి గ్రాఫిక్స్ కార్డు ఒకటి చాలదా?

పొగపాఠం:
చాలదండీ. ఆ ట్రైనర్‌ని నేనే. ఇప్పుడు వాడేది మామూలు వర్క్‌స్టేషనే. పొగ ఎటు పోవాలో ముందే రాసి ఉంటుంది. మూడోసారికల్లా పిల్లలకు కంఠతా వచ్చేసింది: నాలుగో నిమిషంలో ఎడమ వరండా నిండుతుంది, కుడివైపు పరిగెత్తాలి. ఒకమ్మాయి కావాలనే మెట్ల దగ్గరి తలుపు తీసి వదిలేసింది. నిజం భవనమైతే పొగ మెట్లమీదుగా పైకి ఎగబాకేది. తెరమీద పొగ మాత్రం ఆ తలుపు లేనట్టే ఎడమ వరండాలోకి వెళ్లింది. అందరూ నవ్వారు. నాకు నవ్వు రాలేదు.

రాత్రి_బ్యాచ్:
మేడం, ఎన్ని తలుపులు? 12 అనుకుందాం. తెరిచినవీ మూసినవీ కలిపి 4,096 రకాలు. అన్నీ బ్యాచ్‌లో ముందే లెక్కేసి దాచుకుంటే సరిపోదా?

పొగపాఠం:
తీశారా లేదా అన్నది కాదు, ఏ క్షణాన తీశారన్నదే అసలు సంగతి. అది ముందే ఎలా లెక్కేస్తారు?

రాత్రి_బ్యాచ్:
నిజమే. కానీ నోడ్‌లు పెంచినకొద్దీ వేగం పెరుగుతూ పోదు. ఒక టైమ్ స్టెప్ (ఒక చిన్న క్షణం లెక్క) అయితేగానీ తర్వాతది మొదలవదు, ఈలోపు నోడ్‌ల మధ్య కబుర్లకే సమయం పోతుంది. పది నిమిషాల మంటను పది నిమిషాల్లో లెక్కేయాలంటే మెష్ (లెక్క కోసం భవనాన్ని విడగొట్టే గళ్లు) కాస్త ముతకగా పెట్టుకోవాల్సిందే.

పాత_అడ్మిన్:
ఇది కొత్త గొడవ కాదు. ఎంఐటీలో వర్ల్‌విండ్ కంప్యూటర్ 1944లో మొదలైందే పైలట్ల శిక్షణ సిమ్యులేటర్ కోసం. (చివరికి కంప్యూటర్ మిగిలింది, కాక్‌పిట్ అటకెక్కింది.) 1998లో అమెరికాలో వేర్వేరు చోట్ల ఉన్న 13 సమాంతర కంప్యూటర్లను కలిపి సైనిక సిమ్యులేషన్‌లో లక్షకు పైగా వాహనాలను నడిపించారు. ప్రతి వాహనం సమాచారం అందరికీ పంపకుండా, అవసరమైన వాళ్లకే పంపడం అందులో కిటుకు.

దూరం గురించి టెన్షన్ వద్దు. ఫైబర్‌లో వెయ్యి కిలోమీటర్లు పోయి రావడానికి 10 మిల్లీసెకన్లు. చేతికి స్పర్శ తెలిపే పరికరాలకు మాత్రం సెకనుకు దాదాపు 1,000 సార్లు జవాబు కావాలి, అది పక్కనున్న పెట్టెలోనే నడవాలి. పొగ క్లస్టర్‌లో నడవొచ్చు. ఒక్క పైలట్ ఒక్క విమానం నేర్చుకోవడానికైతే నేనూ ఒక్క నోడ్ ఇవ్వను.

అసలు తంటా క్యూదే. నా మాట: ఖాళీగా ఉంచొద్దు. ఆ నోడ్‌లలో తక్కువ ప్రాధాన్యం జాబ్‌లు నడుస్తాయి, క్లాసు మొదలయ్యే ముందు చెక్‌పాయింట్ రాసుకుని (ఎక్కడిదాకా వచ్చాయో దాచుకుని) తప్పుకుంటాయి.

క్యూలో_నేను:
నా కోడ్‌కి చెక్‌పాయింట్ లేదు. మధ్యలో లేపేస్తే మళ్లీ మొదటికే.

పాత_అడ్మిన్:
అయితే మీ జాబ్ జోలికి రాం. తప్పుకోవడానికి ఒప్పుకున్న వాళ్లవే అక్కడ వేస్తాం, వాళ్లకు కంప్యూటర్ వాడకం కోటాలో గంటలు తక్కువ కోస్తాం.

క్యూలో_నేను:
ఎంత తక్కువ? సగానికి సగం అయితే ఈ వారమే చెక్‌పాయింట్ రాస్తాను.