మహిళల 400 మీటర్లకి ట్రాన్స్ మహిళ ఎంట్రీ: ఫారంలో రూలు ఎలా రాయాలి?

విజయవాడలో పెట్టే ఓపెన్ మీట్‌కి ఎంట్రీ ఫారం రాస్తున్నాం, సలహా కావాలండీ. మగ యుక్తవయసు దాటిన ట్రాన్స్ మహిళలని వరల్డ్ అథ్లెటిక్స్ (ప్రపంచ అథ్లెటిక్స్ సమాఖ్య) 2023 మార్చి 31 నుంచి మహిళల విభాగంలోకి రానివ్వట్లేదు. 2025 సెప్టెంబర్ 1 నుంచి ఎస్‌ఆర్‌వై (వై క్రోమోజోమ్ మీదుండే జన్యువు) పరీక్ష కూడా పెట్టింది: బుగ్గ లోపలి స్వాబ్ గానీ రక్తం గానీ, జీవితంలో ఒక్కసారి. అయితే ఈ రెండు రూల్సూ వరల్డ్ ర్యాంకింగ్ పోటీలకే. మనలాంటి మీట్‌కి రూలు మనమే రాసుకోవాలి, అదీ లేన్ల డ్రా తీయకముందే.

ఎవరో వేలు చూపించారని ఆడపిల్లని పక్కకి తీసుకెళ్లి పరీక్షించడం మాత్రం ఒప్పుకోం. 2006 దోహా ఆసియా క్రీడల్లో మన రన్నర్ శాంతి సౌందరరాజన్‌కి జరిగింది చాలు: లింగ పరీక్ష పెట్టి పతకం లాగేసుకున్నారు.

ట్రాన్స్ మహిళ ఎంట్రీ ఇస్తే ఆమెని పరుగెత్తనిచ్చి, టైమింగ్ విడిగా రాసి, మహిళల పతకాలు వేరుగా లెక్కేద్దామని ఆలోచన. చిక్కల్లా ఫైనల్లోనే: 8 లేన్లే, ఒకటి ఆమెకిస్తే తొమ్మిదో స్థానంలో ఉన్న అమ్మాయి ఆగిపోతుంది. ఫైనల్ లేకుండా హీట్స్ (తొలి రౌండ్ పరుగులు) టైమింగ్‌తోనే ఫలితం తేల్చేస్తే సరిపోతుందా? ఇలా నడిపినవాళ్లుంటే, ఫారంలో ఏ మాటలు వాడారో చెప్పండి.