అమ్మాయిని డిపెండెంట్‌గా చూపించకుండా కాలేజీ ట్యాక్స్ క్రెడిట్ తనకే వదిలేయడం సబబేనా?

ఫ్రిస్కో_అమ్మ:
అమెరికాలో 2025 ట్యాక్సులు వేస్తున్నాం. ఇద్దరం ఉద్యోగాలు చేస్తాం, జాయింట్ రిటర్న్, ఆదాయం 2,10,000 డాలర్లు దాటింది. అమ్మాయికి 20 ఏళ్లు, టెక్సస్‌లోనే స్టేట్ యూనివర్సిటీలో జూనియర్ (మూడో ఏడాది). కాలేజీ వాళ్లు ఫీజుల వివరాల ఫారం 1098-టి పంపారు. మొదటి గడిలో (కట్టిన ఫీజు) 11,400, ఐదో గడిలో (స్కాలర్‌షిప్) 3,000. కాలేజీ ఖర్చు మీద పన్ను తగ్గించే అమెరికన్ ఆపర్చ్యూనిటీ క్రెడిట్ మాకు రాదు. జాయింట్‌లో ఆదాయం 1,60,000 దాటినప్పటి నుంచి అది తగ్గుతూ వచ్చి 1,80,000కి పూర్తిగా పోతుంది.

మా స్నేహితురాలు ఒకావిడ "ఈ ఏడాది అమ్మాయిని డిపెండెంట్‌గా వేసుకోకండి, క్రెడిట్ తనే తీసుకుంటుంది" అంటోంది. అమ్మాయికి వేసవి ఇంటర్న్‌షిప్‌లో 27,000 వచ్చాయి. ఫీజు, అద్దె, ఫోన్ బిల్లు అన్నీ మేమే కడుతూ, తను మా మీద ఆధారపడి లేదని గవర్నమెంటుకి రాసివ్వడానికి మావారికి మనసొప్పడం లేదు. మీరేమంటారు?

ప్లేనో_బాబాయ్:
వద్దమ్మా. రూల్ ఒప్పుకుంటుందో లేదో తర్వాత చూద్దాం. పిల్లల్ని పోషిస్తున్నది మనమే అయినప్పుడు రిటర్న్‌లో కూడా అదే కనబడాలి. నాలుగు వందల కోసమో ఆరు వందల కోసమో ఉన్నమాట మార్చి రాయడం దేనికి? పైగా డిపెండెంట్ కాదని రాశాక ఇన్సూరెన్స్, ఎఫ్‌ఎఎఫ్‌ఎస్‌ఎ (కాలేజీ ఆర్థిక సాయం దరఖాస్తు) దగ్గర చిక్కులొస్తే ఎవరు చూస్తారు? ఇంకో సంగతి. ఈ క్రెడిట్ ఒక్కో విద్యార్థికి నాలుగు పన్ను సంవత్సరాలకే. ఇప్పుడు కొద్దిపాటి డబ్బుకి ఒక ఏడాది ఖర్చు పెట్టేస్తే, రేపు ఎవరికైనా లేఆఫ్ అయి ఆదాయం తగ్గినప్పుడు నిండుగా వచ్చే 2,500 చేజారిపోతుంది.

ఆస్టిన్_లెక్కలు:
బాబాయ్ గారూ, లేఆఫ్ మాట ఒప్పుకుంటాను. మిగతావి ఒప్పుకోను. ముఖ్యంగా "ఉన్నమాట మార్చి రాయడం" అన్నారు చూడండి, అసలు అక్కడ మార్చేదేమీ లేదు.

సాఫ్ట్‌వేర్‌లో అమ్మాయి తన రిటర్న్ వేసుకునేటప్పుడు రెండు ప్రశ్నలు పక్కపక్కనే వస్తాయి. నిన్ను డిపెండెంట్‌గా చూపించుకునే అర్హత ఎవరికైనా ఉందా? దానికి "అవును" అనే పెట్టాలి. వాళ్లు చూపించుకుంటున్నారా? దీనికి "లేదు". చాలామంది తొందరలో మొదటిదానికి కూడా "లేదు" కొట్టేస్తారు, అబద్ధం అయ్యేది అప్పుడే. రెంటికీ నిజమే చెబితే చట్టం ప్రకారం అంతా సక్రమం. తల్లిదండ్రులు అర్హత ఉండి కూడా వదిలేసుకుంటే క్రెడిట్ విద్యార్థికి వెళుతుందని ఐఆర్‌ఎస్ (పన్ను శాఖ) 970వ పబ్లికేషన్‌లో స్పష్టంగా ఉంది. మీరు కట్టిన ఫీజుని కూడా తను కట్టినట్టుగానే లెక్కిస్తారు.

ఇక లెక్క. 27,000లో పన్ను పడని భాగం, అంటే స్టాండర్డ్ డిడక్షన్, 15,750 తీస్తే 11,250 మిగులుతుంది. పది శాతం చొప్పున పన్ను 1,125. క్రెడిట్ దాన్ని మొత్తం కొట్టేస్తుంది. ఆపైన ఒక్క డాలరు కూడా రాదు. ఎందుకంటే 24 ఏళ్ల లోపు ఉండి, ఫుల్‌టైమ్ చదువుతూ, తన పోషణలో సగమైనా తన సంపాదనతో జరుపుకోని పిల్లలకి రిఫండబుల్ భాగం (పన్నుకి మించి చేతికి వచ్చేది) ఇవ్వరు. అటు మీరు పోగొట్టుకునేది పెద్ద పిల్లల మీద వచ్చే 500 క్రెడిట్. నికరంగా ఇంటికి మిగిలేది 625. టెక్సస్‌లో స్టేట్ ఇన్‌కమ్ ట్యాక్స్ లేదు కాబట్టి ఆ లెక్క చూసుకునే పని కూడా లేదు.

ఇన్సూరెన్స్ గురించి భయం వద్దు. ఉద్యోగం ద్వారా వచ్చే ప్లాన్‌లో పిల్లలు 26 ఏళ్లు వచ్చేదాకా ఉండొచ్చు, ట్యాక్స్ డిపెండెంట్ అవ్వాలన్న షరతు లేదు. ఎఫ్‌ఎఎఫ్‌ఎస్‌ఎకి డిపెండెంట్ ఎవరన్నదానికి దాని రూల్స్ దానికున్నాయి. ట్యాక్స్‌లో ఏం రాసినా అక్కడ మీ ఆదాయం అడుగుతూనే ఉంటారు.

అక్కా, ఒక ప్రశ్న. 529 (చదువు పొదుపు ఖాతా) నుంచి ఏమైనా తీశారా?

ఫ్రిస్కో_అమ్మ:
5,000 తీశాం, ట్యూషన్‌కే కట్టాం. ఈ క్రెడిట్ మాత్రం ఇంతవరకూ ఏ సంవత్సరమూ వాడలేదు, ఆదాయం ఎప్పుడూ ఎక్కువే ఉంది.

ఆస్టిన్_లెక్కలు:
అయితే 11,400లో స్కాలర్‌షిప్ 3,000, 529 సొమ్ము 5,000 తీసేయండి. ఒకే డాలరుకి రెండు లాభాలు రావు. 3,400 మిగులుతుంది. మొదటి 2,000కి నూరు శాతం, తర్వాతి 2,000 దాకా పాతిక శాతం. అంటే 2,350. తన పన్ను 1,125 కాబట్టి అవసరానికి మించే ఉంది. వచ్చే ఏడాది 529 సొమ్ముని హాస్టల్, భోజనం ఖర్చులకి వాడి, ట్యూషన్‌లో కనీసం 4,000 మీ జేబులోంచి కట్టండి. 529కి ఆ ఖర్చులు చెల్లుతాయి, క్రెడిట్‌కి చెల్లవు. పుస్తకాలు బయట షాపులో కొన్నా క్రెడిట్‌కి పనికొస్తాయి కానీ అవి 1098-టిలో కనబడవు, రసీదులు దాచిపెట్టుకోండి. ఏడో గడిలో టిక్ ఉందేమో కూడా చూడండి. ఉంటే డిసెంబర్‌లో కట్టిన స్ప్రింగ్ ఫీజు ఇందులోనే కలిసిందని అర్థం. అప్పుడు వచ్చే ఏడాది ఫారంలో అంకె చిన్నదిగా కనిపిస్తుంది, కంగారు పడొద్దు.

డెంటన్_ఎమ్మెస్:
మధ్యలో వస్తున్నందుకు సారీ. నేను ఎఫ్-1 విద్యార్థి వీసా మీద వచ్చి రెండో ఏడాది. నాకూ 1098-టి వచ్చింది. మా రూమ్మేట్ పోయినేడు క్రెడిట్ పెట్టుకుంటే వెయ్యి డాలర్లు వచ్చాయట. నేనూ పెట్టొచ్చా?

ఆస్టిన్_లెక్కలు:
వద్దు తమ్ముడూ, దయచేసి ఆ పని చేయకు. ఫారం వచ్చినంత మాత్రాన క్రెడిట్ వచ్చినట్టు కాదు. ఎఫ్-1 మీద మొదటి ఐదు క్యాలెండర్ సంవత్సరాలు పన్ను లెక్కలో మామూలుగా నువ్వు నాన్ రెసిడెంట్‌వి. వేయాల్సింది నాన్ రెసిడెంట్ల రిటర్న్ 1040-ఎన్‌ఆర్, దాంతో పాటు 8843 ఫారం. ఆ రిటర్న్ మీద చదువు క్రెడిట్ ఇవ్వరు. సిటిజన్‌నో రెసిడెంట్‌నో పెళ్లి చేసుకుని జాయింట్‌గా వేస్తే తప్ప. అదీ కాక ఈ క్రెడిట్ డిగ్రీ మొదటి నాలుగేళ్లకి ఉద్దేశించింది, నువ్వు ఇండియాలో బీటెక్ పూర్తి చేసి వచ్చావు. మన పిల్లలకి న్యాయంగా దొరికేది వేరే ఉంది. ఇండియా-అమెరికా పన్ను ఒప్పందంలోని 21వ ఆర్టికల్ వల్ల నాన్ రెసిడెంట్‌గా ఉండి కూడా స్టాండర్డ్ డిడక్షన్ తీసుకోవచ్చు. అది వదులుకోకు. మీ రూమ్మేట్‌ని నోటీసు రాకముందే సవరణ ఫారం 1040-ఎక్స్‌తో సరిచేసుకోమను. నిర్లక్ష్యంగా పెట్టారని తేలితే రెండేళ్లు, మోసమని తేలితే పదేళ్లు ఈ క్రెడిట్ మీద నిషేధం ఉంటుంది. వీసా మీద ఉన్నవాడికి వెయ్యి డాలర్ల కోసం ఆ టెన్షన్ ఎందుకు చెప్పు?

హెచ్4_నాన్న:
ఇక్కడే మా లాంటి వాళ్ల గోడు కూడా వినండి. మా అబ్బాయి హెచ్-4 (వర్క్ వీసా వాళ్ల కుటుంబానికి ఇచ్చే వీసా), చేతిలో ఐటిఐఎన్ (సోషల్ సెక్యూరిటీ నంబర్ లేనివాళ్లకి ఇచ్చే ట్యాక్స్ నంబర్) మాత్రమే. ఇన్నాళ్లూ దాంతోనే క్రెడిట్ తీసుకున్నాం. 2025లో వచ్చిన చట్టంతో 2026 పన్ను సంవత్సరం నుంచి విద్యార్థికి సోషల్ సెక్యూరిటీ నంబర్ ఉండాలి. ఇక్కడే స్కూల్లో చదివి పెరిగిన పిల్లవాడు. మేం పన్ను అందరిలాగే కడుతున్నాం. ఇది మాత్రం చాలా అన్యాయం అనిపిస్తోంది. 2025 రిటర్న్‌కి ఇంకా పాత రూలే, అర్హత ఉన్నవాళ్లు వదులుకోకండి.

ప్లేనో_బాబాయ్:
బాధగా ఉందయ్యా. ఆ రూల్ సంగతి నాకు తెలియదు.

ఫ్రిస్కో అమ్మకి: ఆ రెండు ప్రశ్నల సంగతి విన్నాక అబద్ధమన్న మాట వెనక్కి తీసుకుంటున్నాను. కానీ మొదట చూడాల్సింది మీ సొంత ఆదాయమే అంటాను. పన్ను ఆదాయాన్ని తగ్గించే కంపెనీ రిటైర్మెంట్ ఖాతా 401-కెలో ఇద్దరూ పూర్తిగా పెడుతున్నారా? 2025లో ఒక్కొక్కరికి 23,500 దాకా ఉంది. హెచ్ఎస్ఎ (వైద్య ఖర్చుల పొదుపు ఖాతా) ఉంటే అదీ. ఈ ఏడాదికి 401-కె గడువు దాటిపోయింది. వచ్చే ఏడాది మొదటి నుంచే పెడితే ఆదాయం 1,80,000 కిందకి రావచ్చు. అప్పుడు అమ్మాయి మీ రిటర్న్‌లోనే ఉంటుంది, క్రెడిట్‌లో కొంతైనా వస్తుంది, మీ రిటైర్మెంట్‌కీ డబ్బు చేరుతుంది.

ఫ్రిస్కో_అమ్మ:
నేను పూర్తిగా పెడుతున్నాను, మావారు కంపెనీ మ్యాచ్ ఇచ్చే మేరకే పెడుతున్నారు. వచ్చే నెల నుంచి పెంచమంటాను. ఈ ఏడాదికి మాత్రం అమ్మాయిని డిపెండెంట్‌గా చూపించడం వదిలేద్దామని ఇద్దరం అనుకున్నాం. ముందు అమ్మాయి చేత తన రిటర్న్ డ్రాఫ్ట్ వేయించి, ఆ రెండు ప్రశ్నలూ, క్రెడిట్ కోసం వేసే 8863 ఫారంలో కాలేజీ ఇఐఎన్ (ట్యాక్స్ నంబర్) సరిగ్గా పడిందో లేదో చూశాకే మా రిటర్న్ పంపిస్తాం. మా స్నేహితురాలికి కూడా ఈ లింకే ఇచ్చాను, సందేహం ఉంటే తనే అడుగుతుంది.